రాత్రి షిఫ్టుకు కుర్చీ లేని కమిటీ

నేను చెప్పే కథల్లో సగం కోసేసి వినాలని బహ్రెయిన్ రేవు మీనా సల్మాన్‌లో మా వర్క్‌షాపు మొత్తానికీ తెలుసు. జెట్టీ దగ్గర ఒక సొరచేపకు సేఫ్టీ బూట్ల కొలత తీసుకున్నానని ఒకసారి చెబితే ముగ్గురు నమ్మారు. వాళ్లలో ఒకడు సైజెంతని కూడా అడిగాడు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం కోయడానికేమీ లేదు. ఇందులో నేను గొప్పవాణ్ణి కాను, కాబట్టి అబద్ధమాడే అవసరం రాలేదు.

కొత్తగా గల్ఫ్ వెళ్లిన తమ్ముళ్లు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. క్యాంపులో కమిటీ పెట్టారనీ, మెంబరుగా ఉండమంటున్నారనీ, అదంతా టీ బిస్కెట్ల వ్యవహారమే కదా ఎందుకొచ్చిన గొడవ అనీ అంటుంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. వాళ్లన్నది అబద్ధమైతే ఇంత మండేది కాదు. ఆ బిస్కెట్లు రెండేళ్లపాటు టీలో ముంచుకుని తిన్నవాణ్ణి నేనే.

ఓడలు మరమ్మతు చేసే ఆ వర్క్‌షాపులో నేను స్టోర్ కీపర్ని. వెల్డింగ్ రాడ్లు, గ్లవుజులు, నట్లు, వాషర్లు, ఎవరికేం కావాలన్నా నా కిటికీ ముందు నిలబడాలి. నేపాలీలు, బంగ్లాదేశీలు, పాకిస్తానీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మలయాళీలు, మన తెలుగువాళ్లు. ఆ కిటికీ దగ్గరే నాకు హిందీ బాగుపడింది. మిగతా భాషల్లో సామాన్ల పేర్లు, నాలుగు బూతులు వచ్చాయి. డ్యూటీ అయ్యాక అందరం ఒకే క్యాంపుకు బస్సెక్కేవాళ్లం.

క్యాంపులో ఒక్కో దేశం వాళ్లకు ఒక్కో పెద్ద ఉండేవాడు. మనవాళ్లలో అయితే తెలుగువాళ్లకొకడు, మలయాళీలకొకడు. ఎవరూ ఎన్నుకున్నవాళ్లు కారు. అందరికంటే ముందొచ్చి, ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చోగలిగినవాడు పెద్ద. మా పెద్ద నిజామాబాద్ వైపు ఫోర్‌మన్. గది మారాలన్నా, ఊరెళ్లాలన్నా ఆయన చెవిన వేస్తే ఆయన క్యాంపు ఇన్‌చార్జి చెవిన వేసేవాడు. ఆ ఇన్‌చార్జి కూడా తెలుగువాడే, గుంటూరు వైపు. దానివల్ల మాకు కలిగిన లాభం ఒక్కటే, తిట్లు అనువాదం లేకుండా నేరుగా అందేవి.

కమిటీ పుట్టుక కూడా చెప్పాలి. మా కంపెనీకి ఓడలు ఇవ్వాలనుకున్న ఒక విదేశీ ఓడల సంస్థ పెద్ద ప్రశ్నల జాబితా పంపింది. అందులో ఒక ప్రశ్న: కార్మికులకు కమిటీ ఉందా, వసతి మార్చేటప్పుడు దాని అభిప్రాయం తీసుకుంటారా? మావాళ్లు సాయంత్రానికల్లా ఉందని రాసి పంపేశారు. కమిటీని ఆ మరుసటి వారం పుట్టించారు. రూల్సు పుస్తకంలో కూడా ఒక వాక్యం అచ్చేశారు: వసతిలో ఏ మార్పు చేసినా కమిటీ అభిప్రాయం తీసుకుని, ఆ కాగితం జతచేసి ఓడల సంస్థకు పంపాలి. రాసినవాడు దాన్ని ఇంకొకడు చదువుతాడని కలలో కూడా అనుకుని ఉండడు.

ఆరుగురు పెద్దలు తలా ఒకణ్ణి పంపారు. మా పెద్ద నన్ను పంపాడు. నేను నవ్విస్తాను, ఏమీ అడగను. ఆయనకు కావాల్సిన గుణాలు రెండూ నాలో ఉన్నాయి.

నెలకోసారి కూర్చునేవాళ్లం. ఇన్‌చార్జి కాగితం చదివేవాడు, మేం ఏదో ఒకటి అనేవాళ్లం, ఆయన కింద 'అభిప్రాయం నమోదైంది' అని రాసేవాడు. మా బ్లాకులో బాత్రూం తలుపుకు గెడ లేదని మొదటి మీటింగులో చెప్పాం. ఏడాది దాటాక కూడా అది నమోదై ఉంది. మేం ఒక చేత్తో తలుపు పట్టుకుని స్నానం చేస్తున్నాం.

రెండో వేసవిలో ఏసీ కాగితం వచ్చింది. పగలు గదులు ఖాళీగా ఉంటాయి కదా, ఉదయం తొమ్మిది నుంచి మూడు దాకా అన్ని బ్లాకుల్లోనూ ఏసీలు ఆపేస్తే కరెంటు మిగులుతుందట. కింద 'కమిటీకి అభ్యంతరం లేదు' అని ముందే టైపు చేసి తెచ్చారు. ఎవరి దేశం వాళ్లకు నష్టమా అని ఎవరికి వాళ్లం చూసుకున్నాం. ఏ దేశానికీ ప్రత్యేకంగా నష్టం కనిపించలేదు. తెలుగువాళ్ల తరఫున నేను సంతకం పెట్టాను. కమిటీ మొత్తం తరఫున అడుగున ఇంకో సంతకం కావాలంటే, రాయడం బాగా వచ్చినవాణ్ణని అదీ నేనే పెట్టాను.

బహ్రెయిన్‌లో ఎండాకాలం నడి మధ్యాహ్నం బయట పని చేయించకూడదు. అందుకని ఓడ పని చాలావరకు రాత్రికి మారుతుంది. రాత్రి షిఫ్టులో ఉన్న తొంభై మంది తెల్లారి ఏడింటికి వచ్చి, స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని పడుకునేవాళ్లు. కమిటీలో మా ఆరుగురిలో ఎవరికీ రాత్రి డ్యూటీ లేదు. ఆరు మందలకు ఆరు కుర్చీలు వేశారు. ఆ ఆరింటిలోంచీ వచ్చిన రాత్రి షిఫ్టుకు మాత్రం ఒక్క కుర్చీ లేదు. అది ఆ రోజు మా బుర్రలకు తట్టనే లేదు.

మర్నాడు సాయంత్రం, రాత్రి డ్యూటీ ఎక్కబోతూ జగిత్యాల నుంచి వచ్చిన ఒక వెల్డరు నా కిటికీ దగ్గరికొచ్చాడు. ముస్లిం కుర్రాడు, ముప్పై దాటి ఉంటాయి, అందరం భాయ్ అనేవాళ్లం.

"అన్నా, పొద్దుగాల తొమ్మిదింటి సంది ఏసీ బంద్ అంట గద. గా టైముల మేం పండుకుంటం. మమ్మల్ని అడిగిన్రా?"

"అగ్గితో కాపురం చేసేవాడివి, నీకు ఏసీ ఎందుకయ్యా," అన్నాను.

వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. రాడ్లు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చెయ్యెత్తాలనిపిస్తుంది.

రెండు వారాలు తిరక్కుండానే ఓడ పక్కన కట్టిన స్కాఫోల్డింగ్ మీద పనిచేస్తూ అతను కునికి కింద పడ్డాడు. ప్రాణం పోలేదు. కుడి భుజం నుజ్జయింది. డ్యూటీలో నిద్రపోయాడని రిపోర్టు రాశారు. ఎందుకు నిద్రపోయాడని ఓడల సంస్థ అడుగుతుందేమోనని, వసతిపై కమిటీకి అభ్యంతరం లేదన్న కాగితం కూడా దానికి కుట్టారు. అడుగున ఉన్నది నా సంతకం.

ఆస్పత్రి నుంచి వచ్చాక చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. వెల్డింగ్‌కు పనికిరాడని నా స్టోరులో వేశారు. రోజూ నాకెదురుగా కూర్చుని ఎడమ చేత్తో నట్లు ఏరేవాడు. నాకొచ్చిన కథలన్నీ చెప్పాను. సొరచేప కథలో ఇంకో సొరచేపను చేర్చాను. ఒకరోజు మధ్యాహ్నం టీ తాగుతూ అతనే ఆపాడు.

"అన్నా, గీ తిప్పలు వడకు. నీ మీద నాకు కోపం లేదు. నువ్వెవలవని కోపం జెయ్యాలె? నిన్ను నేను పంపలే, గీ బ్లాకులోళ్లు పంపలే. పెద్ద పంపిండు. పెద్ద రాత్రి పండుకుంటడు."

తిట్టినా బాగుండేది. కోపానికి కూడా పనికిరాని మనిషినని తేల్చేసి టీ గ్లాసు కడిగి పెట్టేశాడు.

ఆ చలికాలంలో ఓడల సంస్థ తరఫున ఒక సర్వేయరు వస్తుండేవాడు. యూరప్ మనిషి, తల నెరిసినవాడు. వెల్డింగులు పరీక్షించి, మిగతా టైము మా స్టోరులో కూర్చునేవాడు. ఒకరోజు మాటల్లో, మీ కమిటీ మెంబర్లను ఎలా ఎంచుకున్నారని అడిగాడు. ఎవరడిగినా ఎన్నికలు జరిగాయని చెప్పమని ఇన్‌చార్జి మాకు ముందే నేర్పిపెట్టాడు. అబద్ధాలు నాకు తుమ్ములంత తేలిక. కానీ భాయ్ నట్లు ఏరడం ఆపి నా వైపు చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

సర్వేయరు కోప్పడతాడనుకున్నాను. ఆయన నవ్వి, తమ దగ్గర కూడా అలాగే మొదలైందన్నాడు. యూరప్‌లో కొన్ని దేశాలు కలిసి ఒక ఉమ్మడి పార్లమెంటు పెట్టుకున్నాయట. మొదట్లో జనం ఎన్నుకున్నవాళ్లు కారట, ఒక్కో దేశం తన పార్లమెంటులోంచి కొందరిని పంపేదట. వాళ్ల పని అభిప్రాయం చెప్పడం. విన్నవాళ్లు తలూపి తమకు నచ్చింది చేసుకునేవాళ్లు. చాలా ఏళ్లు కొట్లాడాక అన్ని దేశాల జనమూ నేరుగా ఓట్లేశారు. దాదాపు అదే రోజుల్లో, ఆ పార్లమెంటు అభిప్రాయం ఇంకా రాకముందే పైవాళ్లు, అంటే ఆ దేశాల మంత్రులు, ఒక నియమం చేసేశారు. కోర్టుకెక్కితే అది చెల్లదని జడ్జీలు కొట్టేశారట. అభిప్రాయం అడగాలని మీరే రాసుకున్నారు, అడిగినవాడు జవాబు వచ్చేదాకా ఆగాలి కదా అన్నారట.

"మావాళ్లకు పట్టు దొరికింది అక్కడే," అన్నాడాయన. "జవాబు ఆలస్యం చేస్తే పైవాళ్లు వచ్చి బేరమాడక తప్పలేదు. ఖర్చుల మీద మాట అప్పటికే కొంత ఉంది, చట్టాల మీద మాట ఆ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చింది. దశాబ్దాలు పట్టింది. ఇప్పటికీ ఓటుకు రానివాళ్లు రారు, తిట్టేవాళ్లు తిడతారు."

అదంతా నేను భాయ్‌కి తెలుగులో చెప్పాను. ఒక్క సొరచేపను కూడా కలపలేదు.

సర్వేయరు తన రిపోర్టులో మా మెంబర్లు ఎన్నికైనవాళ్లు కారని రాశాడు. ఇన్‌చార్జి నన్ను పిలిపించి, ఎంతో చదువుకున్న సంస్కృతంలో నన్నూ నా వంశాన్నీ పలకరించాడు. అయినా ఎన్నికలు పెట్టక తప్పలేదు. పెద్దలు మండిపడ్డారు. మావాళ్ల సంగతి మాకు తెలియదా, ఓట్లెందుకన్నారు. కాసేపటికి మా పెద్దకే ఆలోచన తట్టి, మనం రెండు వందల మందిమి, ఓట్లేస్తే సీట్లన్నీ మనవే అన్నాడు. భాయ్ అడ్డుపడ్డాడు. దేశం లెక్కన వద్దు, బ్లాకు లెక్కన పెట్టమన్నాడు. రాత్రి షిఫ్టుకు వేరే సీట్లు కావాలన్నాడు. పాతిక మంది ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్లు ఏ బ్లాకులో చూసినా మునిగిపోతారు కాబట్టి వాళ్లకొకటి తప్పక ఉండాలన్నాడు. పాతిక మందికి ఒక సీటు ఏ న్యాయమని గొంతు చించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. రాసుకోండి, దాచను. మనకు నష్టం అనేసరికి నాలోంచి కూడా మా పెద్దే మాట్లాడాడు.

ఓటింగు సామాను నా స్టోరుదే. చదువురానివాళ్లు చాలామంది ఉన్నారని, ఖాళీ రాడ్ల డబ్బాల మీద గ్లవుజు, హెల్మెట్, టార్చి బొమ్మలు వేసి ఒక పరదా వెనక పెట్టాం. మనిషికొక వాషరు. నచ్చిన డబ్బాలో వేసి రావాలి. శుక్రవారం రోజంతా క్యాంపులో వాషర్లు పడుతున్న చప్పుడే.

మా బ్లాకులో అందరూ నా కథలకు అలవాటుపడ్డవాళ్లే, తెలుగువాళ్లే ఎక్కువ. నా డబ్బాలో పందొమ్మిది వాషర్లు పడ్డాయి. గెలిచింది ఒక బంగ్లాదేశీ పెయింటరు. బాత్రూం గెడను ఎవరికీ చెప్పకుండా తన చేత్తో బిగించినవాడు. రాత్రి షిఫ్టులో తెలుగువాళ్లు ముప్పై ఐదు మంది ఉంటే, దాదాపు అందరూ ఒక నేపాలీ రిగ్గరుకు వేశారు. క్రేను కొక్కేనికి తాళ్లు బిగించే మనిషి అతను. భాయ్ పడినప్పుడు ముందుగా దిగి ఎత్తుకున్నవాడు అతనే. నువ్వే నిలబడొచ్చు కదా అని భాయ్‌ని అడిగాను. భుజం చూసి జాలితో వేస్తరు, అసుంటి ఓట్లు నాకొద్దన్నాడు.

ఓడిపోయిన నన్ను కొత్త కమిటీ రాతపనికి పెట్టుకుంది. ఓటు లేని గుమస్తాని. రెండేళ్లు ఓటుండి చేసిన పని కంటే ఇదే మేలని ఒప్పుకున్నాను.

వేసవి రాగానే భాయ్‌ని రాత్రి స్టోరుకు మార్చారు. అంటే మళ్లీ పగటి నిద్ర. ఇప్పుడు నొప్పి మాత్ర వేసుకుంటే తప్ప పక్క మీద ఒత్తిగిలలేని భుజంతో. ఆ వారంలోనే ఏసీ కాగితం మళ్లీ వచ్చింది.

మీటింగులో ఇన్‌చార్జి చాలా మంచిగా ఉన్నాడు. బిస్కెట్లు కూడా క్రీమువి తెప్పించాడు.

"ఔననో కాదనో రాయండయ్యా. కాదని రాసినా నాకేం బాధ లేదు, నమోదు చేసుకుంటా," అన్నాడు.

నేపాలీ రిగ్గరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని, హిందీలో నెమ్మదిగా చెప్పాడు. నడి మధ్యాహ్నం ప్రతి గదీ చూడాలి, పడుకునే ప్రతి మనిషినీ అడగాలి, ఆ తర్వాత అభిప్రాయం చెబుతాం. ఎప్పటికని ఇన్‌చార్జి అడిగాడు. చూశాక, అన్నాడు. మిగతావాళ్లందరూ సరేనని చేతులెత్తారు. ఎవరూ వద్దని అనలేదు. అసలు ఏమీ అనలేదు. బిస్కెట్లు అలాగే వదిలేసి లేచిపోయారు.

కాగితం ఆ వారంలో ఓడల సంస్థకు వెళ్లాలి. అభిప్రాయం లేకుండా వెళ్లకూడదని వాళ్ల సొంత పుస్తకమే అంటోంది. ఇన్‌చార్జి ముఖం చూస్తే, తన ఇంటికే తాళం వేసి తాళంచెవి లోపల మర్చిపోయినవాడిలా ఉంది.

మూడో రోజు నన్ను ఆఫీసుకు పిలిచారు. ఇన్‌చార్జి, మా పెద్ద, ఇద్దరూ ఉన్నారు. బల్ల మీద పోయినేడాది కాగితం, నా సంతకంతో.

"కమిటీ అదే, విషయమూ అదే, సంతకం నీదే," అన్నాడు ఇన్‌చార్జి. "పాత అభిప్రాయమే వర్తిస్తుందని కింద ఒక్క ముక్క రాయి. నీ కాంట్రాక్టు కూడా ఈ నెలలోనే కదా చూడాల్సింది."

మా పెద్ద కుర్చీలో ముందుకు వంగాడు. "నువ్వు మెంబరువు గూడ గాదు, గుమస్తావి. రాసియ్యి, పో. నిన్నక్కడ కూసోపెట్టింది ఎవలో మర్వకు."

అక్కడే నాకు తల తిరిగిపోయేంత కోపం వచ్చింది. వాళ్ల మీద సగం, ఆ కాగితం మీద నా అందమైన చేతిరాతను చూసి సగం. కంపెనీ పెన్నే అడిగి తీసుకున్నాను. ఆ సంతకం కింద ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాశాను. 'ఈ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు నేను ఎవరినీ అడగలేదు. నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. ఇది ఒక మనిషి సంతకం, కమిటీ అభిప్రాయం కాదు.' తేదీ వేశాను. ఫోన్‌తో ఫోటో తీసి, వాళ్ల కళ్లముందే సర్వేయరుకు పంపాను.

మా పెద్ద ఇంగ్లీషు చదవలేడు. ఏం రాసిండని ఇన్‌చార్జిని అడిగాడు. ఇన్‌చార్జి ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి మూసేశాడు.

ఆ వేసవంతా రాత్రి షిఫ్టువాళ్లు పడుకునే బ్లాకులో ఏసీలు ఆగలేదు. కమిటీ ఒక్కో గదే చూస్తూ పోయింది. చూడటం పూర్తయ్యేసరికి చలికాలం వచ్చింది. రూల్సు పుస్తకంలోంచి ఆ వాక్యాన్నే తీసేద్దామని కంపెనీ చూస్తే, ఓడల సంస్థ ఎందుకని అడిగింది. అప్పుడు కమిటీ వంతు వచ్చింది. వసతి విషయంలో 'అభిప్రాయం' అన్న మాట కొట్టేసి 'అంగీకారం' అని వేయించుకున్నారు. ఒక్క మాట మార్పించడానికి ఏడు మీటింగులు పట్టాయి. మెస్సు, బస్సు ఇంకా అభిప్రాయం దగ్గరే ఉన్నాయి. పోట్లాటలు కూడా ఉన్నాయి, లేకపోతే అది కమిటీ ఎలా అవుతుంది. ఆ మధ్య బంగ్లాదేశీ పెయింటరు బ్లాకులో తన గది వైపే కొత్త బాత్రూములు వేయించుకున్నాడని వచ్చే ఎన్నికల్లో అతన్ని దించేస్తామని మావాళ్లు వాషర్లు పట్టుకుని తిరుగుతున్నారు. దించనివ్వండి.

నా కాంట్రాక్టు మాత్రం ఒక్క ఏడాదికే పొడిగించారు. ఓడల సంస్థ చూస్తున్నప్పుడు తీసేస్తే బాగుండదని. చూపు పక్కకు తిరగ్గానే ఖలాస్ అన్నారు. యాభై రెండేళ్లకు రిటైరయ్యానని ఇంట్లో చెప్పాను. ఆ ఒక్కటి నా పాత పద్ధతిలోనే చెప్పాను.

ఆ ఖలాస్ కాగితం చేతికి వచ్చిన రోజు, మధ్యాహ్నం రెండు దాటాక, భాయ్‌కి చెబుదామని రాత్రి బ్లాకుకు వెళ్లాను. జూలై నెల. సిమెంటు నేల మీద కాలు పెడితే చెప్పు అంటుకుంటోంది. తలుపుకు కమిటీ నోటీసు అంటించి ఉంది, ఆరు భాషల్లో. మూడయ్యేదాకా ఎవరూ తలుపు తట్టరాదు. తెలుగు ముక్క నేను రాసిందే.

తలుపు ముందు ఇన్‌చార్జి నిలబడి ఉన్నాడు. చంకలో ఫైలు, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రిగ్గరు సంతకం కావాలట, రేపు పంపాల్సిన కాగితమట.

"తట్టండి సార్," అన్నాను.

"ఎందుకులే. లేపితే ఇంకో మీటింగు దాకా పెట్టడు," అన్నాడు. వాచీ చూసుకున్నాడు. "ఇంకో ముప్పావు గంట."

నాకు నవ్వు రావాలి. రాలేదు. ఈ మనిషికి ఆగడం వచ్చునన్నమాట. ముప్పావు గంట ఎండలో, నోరెత్తకుండా, ఫైలు పట్టుకుని నిలబడటం వచ్చు. రెండేళ్ల క్రితం అయితే ఒక్క పూట ఆగి ఒక్క గదిలో అడిగితే సరిపోయేది. భాయ్ కుడి చేత్తో అన్నం తింటుండేవాడు. ఆ మాట ఆయనతోనే అన్నాను, కాస్త గట్టిగానే.

ఆయన వేలు పెదవి మీద పెట్టి, తలుపు వైపు చూపించాడు.

"మెల్లగా," అన్నాడు. "పడుకున్నారు."